భుజం దిగింది, మెడ ముందుకొచ్చింది: ఎముకలు వంకరపోయినట్టేనా?

ఈ ప్రశ్న అడిగిన అబ్బాయి తిరుపతిలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు, హాస్టల్లో ఉంటాడు. అతను రాసింది క్లుప్తంగా ఇదీ: "సార్, ఏడాదిగా మెడనొప్పి. ఫొటోల్లో చూసుకుంటే కుడి భుజం కిందికి దిగి ఉంది, మెడ ముందుకు పొడుచుకొచ్చింది, వీపు గూనిలా కనిపిస్తోంది. ఎక్స్‌రే తీయిస్తే మెడ పూసల సహజమైన వంపు పోయిందని రిపోర్టులో రాశారు. ఆన్‌లైన్‌లో 900 రూపాయలు పెట్టి బెల్టు కొన్నాను. ఒకచోట 12 సిట్టింగుల్లో ఎముకలన్నీ అలైన్‌మెంట్‌లోకి తెస్తామంటున్నారు, డబ్బు ముందే కట్టాలట. కట్టమంటారా? నాకు 20 ఏళ్లు. ఇది ఇలాగే ఉండిపోతుందా? అమ్మ మొక్కుకుంది కాబట్టి వచ్చే నెల నడిచి కొండెక్కాలి, ఎక్కొచ్చా?"

నాయనా, ముందు ఆ డబ్బు కట్టకు. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నేను తిరుపతిలో ఫిజియోథెరపీ చేయబట్టి 23 ఏళ్లయింది. మొదట్లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది యాభై దాటినవాళ్లే. మోకాళ్లనొప్పులు, పక్షవాతం, చెయ్యి విరిగి కట్టు విప్పించుకున్నాక వేళ్లు ముడుచుకోని బాధ. ఇప్పుడు సాయంత్రం ఐదు దాటాక బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లను చూస్తే కాలేజీ బస్సు ఇక్కడే ఆగిందా అనిపిస్తుంది. అందరి చేతుల్లో ఫోను, అందరి మెడలూ ఒకే వంపులో. లోపలికొచ్చాక అందరి ప్రశ్నా నీదే: "సార్, నా ఎముకలు వంకరపోయాయా?"

చాలామందికి పోలేదు. కొద్దిమందికి నిజంగానే వంకర ఉంటుంది. ఎవరు ఏ కోవలోకి వస్తారో తెలుసుకోవడానికి ఖరీదైన మిషన్ అక్కర్లేదు, ఐదు నిమిషాలూ ఒక రూమ్మేటూ చాలు.

మన వెన్ను కర్రలాంటిది కాదు. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు. వెనక నుంచి చూస్తే తిన్నగా ఉండాలి. పక్క నుంచి చూస్తే మాత్రం మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మళ్లీ లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపులు ఉంటేనే అది స్ప్రింగులా బరువు మోస్తుంది. వీపు దగ్గర 20 నుంచి 45 డిగ్రీల వంపు మామూలే. కాబట్టి "వీపు వంగింది" అన్నంతమాత్రాన జబ్బు కాదు, అందరి వీపూ కాస్త వంగే ఉంటుంది. ఇక వంకరల్లో రెండు రకాలు. ఒకటి, ఎముకే ఆ ఆకారంలో పెరగడం. రెండోది, ఎముక బాగానే ఉండి మనం దాన్ని అలా ఉంచడం. దండెం మీద చొక్కా వంకరగా వేలాడుతుంటే కుట్టు తప్పిందని అనుకోం కదా, అలాగన్నమాట.

మొదటి పరీక్ష. నేల మీద దిండు లేకుండా వెల్లకిలా పడుకో. రెండు నిమిషాలు ఒళ్లు వదిలెయ్యి. గడ్డం పైకి ఎత్తకుండానే తల నేలకు ఆనిందా? భుజాలు కిందికి వాలాయా? నిలబడినప్పుడు కనిపించిన గూని నేల మీద సర్దుకుపోతే అది ఎముకది కాదు, కండరాలదీ అలవాటుదీ. పడుకున్నా సరే వీపు కింద గట్టి గుట్టలా ఉండిపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. ముఖ్యంగా పద్నాలుగు పదిహేనేళ్లప్పుడు మొదలై, "నిటారుగా నిలబడరా" అని ఇంట్లో ఎంత తిట్టినా నిలబడలేకపోయినవాళ్లు. వాళ్లలో కొందరికి షూయర్‌మన్ కైఫోసిస్ ఉంటుంది. వరసగా మూడు నాలుగు పూసలు ముందువైపు ఎత్తు తగ్గి, గొడ్డలి వాటంగా పెరిగే స్థితి అది. ఆ పిల్లలు బద్ధకంతో వంగి నిలబడరు, ఎముక అంతకంటే రాదు. పాపం, వాళ్లు తిన్న తిట్లకు లెక్కే లేదు.

రెండో పరీక్ష భుజం సంగతి తేల్చడానికి. చొక్కా తీసి, పాదాలు కలిపి, మోకాళ్లు వంచకుండా, రెండు అరచేతులూ జోడించి బావిలోకి దూకబోయేవాడిలా ముందుకు వంగు. రూమ్మేట్‌ను వెనక నిలబెట్టి, కళ్లను నీ వీపు ఎత్తుకు దించి చూడమను. వెన్నుకు ఒక పక్క పక్కటెముకలు ఉబ్బెత్తుగా లేచి, రెండో పక్క పల్లంగా కనిపిస్తే స్కోలియోసిస్, అంటే వెన్ను పక్కకు వంకర తిరగడం, అనుమానించాలి. రెండు పక్కలూ సమంగా ఉంటే చాలావరకు నిశ్చింతగా ఉండొచ్చు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో కుడి భుజం ఒక వేలి మందం కిందికి ఉండటం చాలా మామూలు. నీ ఫొటోలో నువ్వు చూసింది బహుశా అదే. అద్దం ముందు నిలబడి టేపుతో కొలుచుకోవడం మొదలుపెడితే ఈ లోకంలో సమంగా ఉన్న మనిషి దొరకడు. ఒక చెవి, ఒక కన్ను, ఒక కాలు రెండోదానికి కాస్త తేడాగానే ఉంటాయి. కాళ్ల పొడవులో ఒక సెంటీమీటరు లోపు తేడా ఉన్నవాళ్లు ఎందరో ఉంటారు, వాళ్లకు ఆ సంగతి జీవితాంతం తెలియదు కూడా.

నిజమైన వంకర ఎలా బయటపడుతుందో ఒకటి చెబుతాను. ఆరేడేళ్ల కిందట చంద్రగిరి వైపు నుంచి ఒకామె డిగ్రీ మొదటి సంవత్సరం చదివే కూతుర్ని తీసుకొచ్చింది. వాళ్లను పంపింది డాక్టరు కాదు, టైలరమ్మ. మేనమామ పెళ్లికి పట్టు లంగాఓణీ కుట్టిస్తున్నారు. జాకెట్టు కొలతలు తీస్తూ ఆమె రెండుసార్లు టేపు వేసి, "అమ్మా, పాప వీపు ఒక పక్క రెండు వేళ్లు ఎక్కువొస్తా ఉంది, ఎక్కడన్నా చూపించండి" అందట. ఆ పిల్లకు నొప్పి లేదు, ఏమీ లేదు. ముందుకు వంగమన్నాను. కుడి పక్క వీపు చేట బోర్లించినట్టు లేచింది. ఎక్స్‌రేలో 34 డిగ్రీలు.

ఈ డిగ్రీల లెక్కను కాబ్ కోణం అంటారు. 10 దాటితేనే దానికి స్కోలియోసిస్ అని పేరు. టీనేజీ పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది, కానీ ఎక్కువ వంకరగా పెరిగేది ఆడపిల్లల్లోనే. ఇంకా ఎదిగే వయసులో ఉండి 25 నుంచి 40 మధ్య ఉంటే వంకర పెరగకుండా ఒంటికి గట్టి పట్టీలాంటి బ్రేసు వేస్తారు. 45, 50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. ఎదుగుదల ఆగిపోయాక 30 లోపు వంకర సాధారణంగా పెరగదు. 50 దాటింది మాత్రం పెద్దయ్యాక కూడా ఏడాదికి ఒక డిగ్రీ చొప్పున జరుగుతూ పోవచ్చు. ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి కాబట్టి బ్రేసు వయసు దాటిపోయింది. వీపు కండరాలకు వ్యాయామం, కొన్నాళ్లకొకసారి ఎక్స్‌రే, అంతే. ఇప్పటికీ ఆ వంకర అక్కడే ఉంది. వాళ్లమ్మ ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకుని అడిగింది మాత్రం నాకు గుర్తుంది: "చిన్నప్పుడు అంత బరువు బ్యాగు మోయించి నేనే చెడగొట్టానా సార్?" లేదమ్మా. బరువైన బ్యాగుతో భుజం నొప్పి రావచ్చు, వీపు నొప్పి రావచ్చు, స్కోలియోసిస్ రాదు. మంచం మీద వంకరగా పడుకున్నా రాదు. ఎక్కువమందిలో దానికి కారణమే దొరకదు, అందుకే డాక్టర్లు దాని పేరు ముందు "ఇడియోపతిక్" అని తగిలిస్తారు.

నీ ఎక్స్‌రే సంగతికొద్దాం. "మెడ వంపు పోయింది" అన్న వాక్యం చదివి నువ్వు రాత్రంతా నిద్రపోయి ఉండవు. ఎక్స్‌రే తీసేటప్పుడు గడ్డం కాస్త దించినా ఆ వంపు పోయినట్టే కనిపిస్తుంది. మెడ పట్టేసి ఉన్నప్పుడు కండరాలు బిగుసుకుని కూడా తిన్నగా అవుతుంది. ఏ నొప్పీ లేనివాళ్ల మెడలను ఎక్స్‌రే తీసినా చాలామందిలో అదే కనిపిస్తుంది. 20 ఏళ్ల కుర్రాడికి, చేతుల్లో తిమ్మిర్లు, బలహీనత లేనప్పుడు ఆ వాక్యానికి పెద్ద విలువ లేదు. కవర్లో పెట్టి బీరువాలో పడెయ్. దాన్ని మళ్లీ మళ్లీ తీసి చూసుకోవడమే మెడకు చేటు.

ఇక ఆ 12 సిట్టింగులు. మెడ పట్టుకుని ఒక్కసారి తిప్పితే "టక్"మని శబ్దం వస్తుంది, వీడియోల్లో చూసే ఉంటావు. ఎముక పక్కకు తప్పుకుని మళ్లీ గూట్లో కూర్చున్న శబ్దం అనుకుంటారు జనం. కాదు. కీలులోని జిగట ద్రవంలో గాలిబుడగ ఏర్పడే శబ్దం అది, మెటికలు విరుచుకున్నప్పుడు వచ్చేదే. ఎముక ఎక్కడికీ కదలలేదు, కాబట్టి ఎక్కడికీ తిరిగి రాలేదు. చేయించుకున్న కాసేపు హాయిగా ఉంటుంది, కాదనను. కానీ మెడను విసురుగా తిప్పినప్పుడు, అరుదుగానే అయినా, మెదడుకు రక్తం తీసుకెళ్లే వెనకవైపు ధమని గోడ చిట్లి పక్షవాతం వచ్చిన సంఘటనలున్నాయి. ఎంత అరుదైనా, పరీక్షల టెన్షన్‌లో పట్టేసిన మెడ కోసం తీసుకోవాల్సిన రిస్కు కాదది.

మన ప్రాంతంలో ఈ ఆలోచన బలంగా ఉండటానికి ఒక కారణం ఉందనుకుంటాను. పక్కనే పుత్తూరు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టు పేరు మద్రాసు దాకా పాకింది. ఎముకకు ఏం జరిగినా ఎవరో ఒక చెయ్యి వచ్చి సరిచేస్తుందన్న నమ్మకం మనకు ఉగ్గుపాలతో వచ్చింది. విరిగిన ఎముకను కదలకుండా బంధించడం అనే పని వేరు. కూర్చునే తీరు వల్ల అలసిపోయిన మెడ వేరు. దీనికి కట్టేవాడు ఉండడు, కదలాల్సిందే.

బెల్టు గురించి రెండు ముక్కలు. పెట్టుకున్నంతసేపు భుజాలను వెనక్కి లాగుతుంది, తీసిన మర్నాడు కథ మొదటికే. కొన్నావు కాబట్టి చదువుకునేటప్పుడు ఓ ఇరవై నిమిషాలు గుర్తుచేసే దారంలా వాడుకో. రోజంతా పెట్టుకోకు.

సరే, ఎముక బాగానే ఉంటే ఇంత నొప్పి ఎందుకు? దీనికి జవాబు నాకు క్లినిక్కులో దొరకలేదు, హాస్టల్లో దొరికింది. రెండేళ్ల కిందట మా అన్న కొడుకును ఇంజినీరింగు హాస్టల్లో దింపడానికి వెళ్లాను. గదిలో ముగ్గురు. మూడు ఇనుప మంచాలు, మధ్యలో లోతుగా దిగిపోయిన పరుపులు. బల్ల ఒకటుంది గానీ దాని మీద బకెట్లు, ఇస్త్రీపెట్టె, ఊరగాయ సీసాలు, ఆరని బట్టలు. ప్లగ్గు తలుపు పక్కన ఒక్కటే. అందుకని ఆ వైరు అందేంత దూరంలో మంచం మూల గోడకు ఆనుకుని ఒక కుర్రాడు కూర్చున్నాడు. నడుము జారిపోయింది, మోకాళ్ల మీద దిండు, దిండు మీద ల్యాప్‌టాప్, గడ్డం గుండెలకు ఆనుతోంది. మేం ట్రంకుపెట్టె లోపల పెట్టి, వార్డెన్‌ను కలిసి, మెస్సులో టీ తాగి, ఫీజు రసీదు తీసుకుని రెండు గంటల తర్వాత తిరిగొచ్చేసరికి కూడా ఆ అబ్బాయి అలాగే ఉన్నాడు. కదిలింది బొటనవేలు ఒక్కటే. ఆ రోజు నాకు తెలిసొచ్చింది, ఈ పిల్లల మెడను వంచింది ఫోను కంటే ముందు ఆ ప్లగ్గని.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంటర్ ఉంది. తెల్లారకముందే లేచి స్టడీ అవర్, తర్వాత క్లాసులు, మళ్లీ రాత్రి పదిదాకా స్టడీ అవర్. ఆనుకోవడానికి వీల్లేని బెంచీలు, గ్రౌండు లేని కాలేజీలు, ఆటల పీరియడ్ అంటే టైంటేబుల్లో ఒక గడి. సరిగ్గా ఎముకలూ కండరాలూ గట్టిపడే వయసులో రెండేళ్లు పిల్లల్ని కుర్చీకి అంటించేశాం. నా దగ్గరికొచ్చే బీటెక్ పిల్లల్ని నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే ఎక్కువమంది చెప్పేది "ఇంటర్ సెకండియర్లో సార్" అనే. తర్వాత ఆ అలవాటుకు రికార్డులు తోడవుతాయి. మంచం మీద బోర్లా పడుకుని, మోచేతుల మీద ఆని, తెల్లారేలోపు నలభై పేజీలు రాయడం తెలుసు కదా. ఆ రాత్రి మెడ ఎముకలు వంకర కావు, కానీ మర్నాడు మెడ తిరగదు.

తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు ఉంటుంది. 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే అమెరికన్ సర్జన్ కంప్యూటర్లో లెక్కగట్టి, మెడను 60 డిగ్రీలు వంచితే దాని మీద పడే భారం 27 కిలోలు అన్నాడు. ఆ బొమ్మే ఇప్పుడు వాట్సాప్‌లో అందర్నీ భయపెడుతోంది. అది మోడల్ మీద వేసిన లెక్క, బతికున్న మనిషి మెడలో కొలిచింది కాదు. పైగా మెడ బరువు మోయడానికే ఉంది. మా పల్లెలో అవ్వలు పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని కిలోమీటర్లు నడిచొస్తారు, వాళ్లెవరూ మెడ వంపు పోయిందని నా దగ్గరికి రాలేదు. వాళ్లు మోపు దించి, పేడ ఎత్తి, పాలు పితికి, మళ్లీ ఇంకో పనిలో పడతారు. నీ మెడకొచ్చిన చిక్కు వంచడం కాదు, వంచి అక్కడే మరిచిపోవడం.

ఈ విషయం నాకే ఆలస్యంగా అర్థమైంది. మొదటి పదేళ్లు నేనూ అందరిలాగే "నిటారుగా కూర్చో, భుజాలు వెనక్కి, కడుపు లోపలికి" అని పాఠం చెప్పేవాణ్ని. ఒక ఎమ్మెస్సీ అమ్మాయి నా మాట వేదంలా పట్టుకుంది. నెల తర్వాత వచ్చి, "సార్, మీరు చెప్పినట్టే కూర్చుంటున్నా, మెడనొప్పి తగ్గలేదు, ఇప్పుడు నడుమూ నొప్పి" అంది. చూస్తే గదిలోకి వచ్చినప్పటి నుంచి ఇనుప చువ్వ మింగినట్టు బిగుసుకుని కూర్చుంది. వంగి గంటలకొద్దీ ఉండటం ఎంత తప్పో, నిటారుగా గంటలకొద్దీ ఉండటం కూడా అంతే. ఆ అమ్మాయికి నేను చెప్పిన మందే నొప్పి తెచ్చింది. అప్పటి నుంచి "సరిగ్గా కూర్చో" అనడం మానేశాను. "ఎంతసేపటికి లేచావు?" అని అడుగుతాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. బల్ల మీది బకెట్లు తీసెయ్, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి కొను. దానికి నీ బెల్టు ఖరీదులో సగం కూడా కాదు. ఇంటర్ మెటీరియల్ పుస్తకాలు ఇంకా దాచుకుని ఉంటావు, వాటిని ల్యాప్‌టాప్ కింద దొంతరగా పేర్చు. తెర పై అంచు కళ్ల ఎత్తుకు రావాలి. చేతులు అందవు కాబట్టి విడిగా ఒక కీబోర్డూ మౌసూ కావాలి, మామూలువి చాలు. కుర్చీలో నడుము వెనక తువ్వాలు మడిచి పెట్టుకో. పాదాలు నేలకు ఆనాలి. ఇంతకుమించి కుర్చీల మీద డబ్బు తగలేయకు.

అరగంటకొకసారి లేవాలి. మొబైల్లో అలారం పెడితే రెండో రోజే ఆపేస్తావు, నాకు తెలుసు. పావు లీటరు పట్టే చిన్న సీసా పక్కన పెట్టుకో. అది అయిపోయినప్పుడల్లా కారిడార్ చివర కుళాయి దాకా వెళ్లి నింపుకో. నీళ్లు తాగినవాడు ఎలాగూ ఇంకో పనికీ లేస్తాడు. ఫోన్ మాట్లాడితే నడుస్తూ మాట్లాడు. చదివిన పాఠం ఇంకొకసారి నిలబడి చదువు. ఫోన్ చూసేటప్పుడు మెడను ఫోను దగ్గరికి దించకుండా ఫోనునే కాస్త పైకి తీసుకురా, మోచేతికి ఇంకో చేతిని ఊతం పెట్టుకుంటే నొప్పి పుట్టదు.

వ్యాయామాలు నాలుగైదు చాలు, గంటలు అక్కర్లేదు. గోడకు వీపు ఆనించి నిలబడి, తల ఎత్తకుండా దించకుండా గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగు, ఎవరో వెనక నుంచి జుట్టు పట్టి లాగినట్టు. ఐదు అంకెలు లెక్కపెట్టి వదులు, పదిసార్లు. తర్వాత అదే గోడకు రెండు చేతులూ ఆనించి, "హ్యాండ్సప్" అన్నప్పుడు పెట్టినట్టు పెట్టి, మెల్లగా పైకి జరిపి కిందికి తీసుకురా. మొదటి రోజు మణికట్లు గోడకు ఆనవు, ఫర్వాలేదు. దుప్పటిని గట్టి చుట్టగా చుట్టి రెక్కల ఎముకల కింద అడ్డంగా వచ్చేలా పెట్టుకుని వెల్లకిలా పడుకో, చేతులు తల వెనక్కి చాచు, రెండు నిమిషాలు. రోజంతా ముందుకు వంగిన వీపుకు అంత హాయి ఇంకెక్కడా దొరకదు.

అన్నిటికంటే ముఖ్యమైంది బరువు లాగడం. పుస్తకాల బ్యాగు తీసుకో, ఐదారు కిలోలు ఉంటుంది. ఒక చెయ్యి మంచం మీద ఆనించి ముందుకు వంగి, రెండో చేత్తో బ్యాగును చేద తోడినట్టు నడుము దాకా లాగు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా రావాలి. పన్నెండుసార్లు, ఇటూ అటూ, మూడు విడతలు. రోజు విడిచి రోజు చెయ్యి, రెండు వారాలకొకసారి బ్యాగులో ఒక పుస్తకం పెంచు. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు అద్దంలో కనిపించే ఛాతీకే ఊడిగం చేస్తారు, వెనక ఒక వీపుందన్న సంగతి మరిచిపోతారు. ఛాతీ బిగుసుకుని భుజాలు ఇంకా ముందుకొస్తాయి. నువ్వు జిమ్ముకెళ్తే నెట్టే వ్యాయామం ఒకటి చేస్తే లాగేవి రెండు చెయ్యి.

వీటితోపాటు నడకో, షటిలో, పరుగో ఏదో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు. యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే పోలీసు ఉద్యోగాలకు 1600 మీటర్లు ప్రాక్టీసు చేసేవాళ్లను చూడు, వాళ్లలో మెడనొప్పి అన్నవాడు నాకు పెద్దగా తగల్లేదు. (వాళ్ల భయం వేరే. మోకాళ్లు రెండూ తగులుతున్నాయి, పాదం చదునుగా ఉంది, సెలక్షన్లో తీసేస్తారేమో అని. బొటనవేళ్ల మీద లేచి నిలబడితే పాదం కింద వంపు వచ్చేవాళ్లకు, నొప్పి లేనివాళ్లకు వైద్యం అక్కర్లేదు. సెలక్షన్ రూల్ వేరు, అది నోటిఫికేషన్లోనే చూసుకోవాలి. మోకాళ్లు తగలడం మాత్రం ఇరవై ఏళ్లకు వ్యాయామంతో మారదు, మారుస్తామనే వీడియోలు నమ్మొద్దు.)

నిద్ర సంగతి అడగకుండా ఏ మెడనొప్పినీ నేను వదలను. రాత్రి రెండింటికి పడుకుని ఏడింటికి లేచేవాడికి చిన్న నొప్పి కూడా పెద్దగా తోస్తుంది. ఇంటర్నల్స్ వారంలో నా దగ్గర రద్దీ పెరుగుతుంది, సెలవుల్లో తగ్గుతుంది. ఎముకలకు సెమిస్టర్ తెలియదు కదా. బ్యాక్‌లాగులు, ప్లేస్‌మెంట్లు, ఇంటి నుంచి వచ్చే ఫోన్లు, అన్నీ భుజాల మీదే కూర్చుంటాయి.

ఇదంతా ఆరు నుంచి పన్నెండు వారాలు చేస్తే నొప్పి తగ్గాలి. ఫొటోలో భుజం అప్పుడూ కాస్త దిగే కనిపించవచ్చు, దాని జోలికి వెళ్లకు.

కానీ కొన్ని సంగతులుంటే నా వ్యాయామాలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నడుము నొప్పి తెల్లవారుజామున నిద్ర లేపుతుంటే, లేచాక అరగంటకు పైగా ఒళ్లు బిగుసుకుపోయి, తిరిగితే తగ్గి, పడుకుంటే పెరుగుతుంటే అది కూర్చోవడం వల్ల వచ్చింది కాదు. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వాతం కుర్రాళ్లలో అలాగే మొదలవుతుంది. నా దగ్గరే ఒకబ్బాయి ఏడాదిపాటు "పరుపు మార్చాలి సార్" అంటూ తిరిగాడు, నేను కూడా మొదటి రెండు నెలలు అది కండరాల నొప్పే అనుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి కారిడార్లో నడుస్తానని అతను మాటల్లో అన్నప్పుడు గానీ వెలగలేదు. మందులు మొదలయ్యాక ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. అలాగే సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, వెన్నులో ఒకేచోట నొక్కితే నొప్పి ఉంటే వెన్ను టీబీ కాదని తేల్చుకోవాలి, మన దేశంలో అది అరుదేం కాదు. చేతిలో పెన్ను పట్టు జారుతున్నా, కాలు ఈడుస్తున్నా ఆలస్యం చేయొద్దు. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా అదే రాత్రి ఆసుపత్రిలో ఉండాలి.

తిరుపతిలో ఉన్నావు కాబట్టి దీనికి దూరం వెళ్లే పని లేదు. ఎముకల వైద్యానికి దేవస్థానం వాళ్ల బర్డ్ ఆసుపత్రి ఉంది, రుయా ఉంది, స్విమ్స్ ఉంది. ఓపీకి పొద్దున్నే వెళ్లు, పాత ఎక్స్‌రే పట్టుకెళ్లు, మళ్లీ కొత్తది తీయించుకునే పని తప్పుతుంది.

చివరగా అమ్మ మొక్కు. నిక్షేపంగా ఎక్కు. పై లక్షణాలేవీ లేకపోతే 3550 మెట్లూ నీ మెడకు మంచే చేస్తాయి. ఇంకా నెలుంది కాబట్టి వారానికి మూడు రోజులు హాస్టల్ మెట్లు నాలుగైదు అంతస్తులు ఎక్కి దిగడం మొదలుపెట్టు. లేకపోతే గాలిగోపురం దగ్గరికే పిక్కలు పట్టేస్తాయి. బ్యాగు భుజాన వేసుకుని ఎక్కొద్దు. అలిపిరి దగ్గర లగేజీ కౌంటర్లో ఇచ్చేస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. దార్లో సెల్ఫీలకు ఆగు, రీల్స్ చూస్తూ మాత్రం ఎక్కకు. మోకాళ్ల మిట్ట దగ్గర తొందరపడకుండా, ఒక్కో మెట్టుకూ పాదం పూర్తిగా ఆనించి ఎక్కు. దర్శనం అయ్యాక దిగడం మాత్రం బస్సులో. మోకాళ్ల మీద ఎక్కువ భారం పడేది దిగేటప్పుడే. అమ్మ కూడా నడిచి వస్తుంటే ఆమెను కూడా బస్సులోనే దించు, "నేను నడవగలను" అంటుంది, వినకు.